ముంపు ఊరి బాధ పాటలో ఒకలా, జ్ఞాపకాల రచనలో ఒకలా ఎందుకుంటుంది?

తెలంగాణలో మిడ్ మానేరు జలాశయం కింద మునిగిన చింతల్‌ఠాణా, చీర్లవంచ లాంటి ఊర్లను పట్టుకుని ఈ సంగతి చెప్తాను.

పాట కట్టేది పదిమంది పాడటానికి. అందుకే అందులో 'నేను' కంటే 'మనం' ఎక్కువ. బొడ్రాయి, పోచమ్మ గుడి, చెరువు మత్తడి అందరివీ కాబట్టి వాటినే తలుచుకుంటారు. బతుకమ్మ వరుసే చూడండి. ఒకామె చరణం అందుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అంటారు. మునిగిన ఊర్లు, చెలకల పేర్లు అందులో ఒక్కొక్కటిగా ఎన్నైనా చేర్చొచ్చు, పాట చెడదు. ఎకరానికి ఎంత కట్టిచ్చారు, ఇల్లు ఎట్ల కొలిచారు అన్నవి మాత్రం అందులో ఇమడటం కష్టం.

అవి జ్ఞాపకాల్లో దొరుకుతాయి. భూసేకరణ నోటిఫికేషన్, సర్వే, పరిహారం ఖరారు చేసే అవార్డు, చెక్కు, ఇల్లు ఖాళీ చేసిన రోజు, ఏళ్లకేళ్లు నలిగిన ఈ క్రమమంతా అక్కడే తెలుస్తుంది. కానీ రాసేది ఎక్కువగా చదువుకున్న, పట్టా ఉన్న ఇండ్లవాళ్లు. కౌలుదారు, కూలి, మంగలి, చాకలి అందులో పక్కకు జరుగుతారు. ఊరు చెదిరితే వాళ్లకు పోయేది పని, గిరాకీ. దానికి సర్వే నంబరు ఉండదు. నా దృష్టిలో పెద్ద లోటు ఇదే, దాన్ని కొంతైనా పూడ్చేది పాటే.

పాటలు సేకరించేవాళ్లు యాసను దిద్దొద్దు, మాత్రలు (అక్షరాలు పలికే నిడివి) మారి లయ తప్పుతుంది. ఎవరు, ఎక్కడ, ఏ సందర్భంలో పాడారో పక్కనే రాసుకోండి. ధర్నా టెంటు కింద పాడిన పాటలో పరిహారం అడిగే చరణాలు చేరొచ్చు, అదే పాట బతుకమ్మ దగ్గర వేరుగా వినిపించొచ్చు.