దుబాయి కథ రాస్తున్న మా తమ్ముడి కొడుక్కి

బిడ్డా,

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మీ బాపు దుబాయి బతుకు మీద షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకోవడం నాకు చాలా సంతోషం. మన దిక్కు ఇల్లిల్లూ పడ్డ కష్టం ఇది. మీ బాపు చనిపోయి నాలుగేళ్ళయింది. ఆయన సంగతి ఎవరో ఒకరు రాయాలి, ఆ రాసేవాడివి నువ్వే కావడం ఇంకా మంచిది. అందుకే దాచకుండా చెబుతున్నాను. మొదటి సీను నాకు నచ్చలేదు.

ఎయిర్‌పోర్టులో మీ అమ్మ బాపును పట్టుకుని ఏడ్చినట్టు రాశావు. మీ అమ్మ అప్పటికి ఎయిర్‌పోర్టు చూడనే లేదు. 1996లో మన ఊరివాళ్ళు బొంబాయి పోయి అక్కడ విమానం ఎక్కేవాళ్ళు. మీ బాపును జగిత్యాలలో బొంబాయి బస్సు ఎక్కించింది నేనే. ఆ పొద్దు ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మీ బాపు గడపలో కూర్చొని, నీ అక్క నోటుబుక్కు చివరి పేజీలో లెక్క రాశాడు. వీసా కోసం తెచ్చిన అప్పు 60,000. నూటికి 3 రూపాయల మిత్తి. నెలకు 1,800. ఆ కాగితం చింపి మీ అమ్మ చేతిలో పెట్టి, "ముందుగాల ఇది కట్టు, మిగిలింది పిల్లలకు" అన్నాడు. మీ అమ్మ ఏమీ అనలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బాలో దాచింది. తర్వాత చాలా రోజులు బియ్యానికి చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ కాగితం తగిలేదట. మీ అమ్మే ఒకసారి చెప్పింది. నీ సినిమా ఆ గడపలో మొదలుపెట్టు.

ఇటువంటివి ఇంకా కావాలంటే అమ్మనే అడుగు. కానీ "బాపు దుబాయి పోయినప్పుడు బాధయిందా" అని మాత్రం అడగకు. అయింది అంటుంది, ముచ్చట అక్కడితో ఆగిపోతుంది. ఆ రోజు ఏం వండావు, సాయంత్రం బర్రెను ఎవరు పిండారు, మిత్తి కట్టడానికి సావుకారి ఇంటికి నువ్వే పోయావా, లోపలికి రమ్మన్నాడా, వాకిట్లోనే నిలబెట్టాడా అని అడుగు. ఒక్కొక్క జవాబుకు నీకు ఒక సీను దొరుకుతుంది. ఫోన్‌లో రికార్డు చేయొద్దు. ఫోన్ ముందు పెడితే మనిషి మాట మారుతుంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చో, విన్నది రాత్రికి రాసుకో.

మిత్తి లెక్కను కథ ఎవరంటారు అని నీకు అనిపించవచ్చు. ఇంకో లెక్క సంగతి చెబుతాను విను. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లలకు వెల కట్టి చేసిన పెళ్ళిళ్ళ జాబితా తీయించారు. మూడేళ్ళకు 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది వయసువాళ్ళు ముగ్గురు, ఆ పసికూనల వెల 350 నుంచి 400 రూపాయలు. గురజాడ 1897లో 'కన్యాశుల్కం' అచ్చు వేయించినప్పుడు ముందుమాటలో ఈ లెక్క ఇచ్చారు. ఆ అంకెలు చదివితే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. అయితే నాటకంలోకి ఆయన అంకెలు తేలేదు. ఒక్క సుబ్బిని తెచ్చారు. ఆ పిల్లను ముసలివాడికి ఇస్తానని పట్టుబట్టిన తండ్రిని, ఆపలేక నూతిలో దూకిన తల్లిని తెచ్చారు. వాళ్ళందరితో ఆ ఊళ్ళ మాటే మాట్లాడించారు. 1,034 మందిని మోయగలిగే ఒక్క మనిషిని పట్టుకోవడమే రాసేవాడి పని. మన జిల్లాల నుంచి దుబాయి పోయినవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళందరి గురించీ నువ్వు చెప్పక్కర్లేదు. బియ్యం డబ్బాలో కాగితం చాలు.

సుద్దాల హనుమంతు పశులు కాసే జీతగాడి మీద కట్టిన పాట నీకు తెలుసు, సినిమాలో కూడా విన్నావు. అందులో పిల్లవాడి కాళ్ళకు తాటి జగ్గల జోడు ఉంటుంది. చెప్పులు కొనలేక తాటి మట్టతో చేసుకున్నవి. దొర ఎంత దుర్మార్గుడో చెప్పడానికి పది చరణాలు రాయవచ్చు, కానీ ఆ జోడు చూసినవాడే ఆ మాట రాయగలడు. నేను చిన్నప్పుడు ఆ పాట విని నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

నీ స్క్రిప్టులో మీ బాపు ఎడారి, వెన్నెల అని చాలా మాట్లాడాడు. ఆయన అట్లా మాట్లాడే మనిషి కాదు. షార్జా నుంచి రాసిన ఉత్తరాల్లో వానలు పడ్డాయా, మోటరు కాలిందా, బర్రె ఈనిందా అనే ఉండేది. ఎండ గురించి ఒక్కసారే రాశాడు: "పొద్దుగాల్నే నీళ్ళు పట్టి పెట్టుకుంటం అన్నా, పగటీలి నల్లా తిప్పితే చెయ్యి కాలుతది." ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతా ఎడారి అంతా తీసెయ్.

ఇక చెప్పడానికి నాకు కష్టమైన సంగతి ఒకటి ఉంది. పోస్ట్‌మన్‌గా చేసిన రోజుల్లో ఊళ్ళో సగం ఇళ్ళకు ఉత్తరం ఇవ్వడమే కాదు, చదివి పెట్టిందీ నేనే. ఒకామె భర్త సౌదీలో కఫీల్ దగ్గర్నుంచి, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేని కల్లివెల్లి అయ్యాడు. ఆ సంగతి రాసి, మా అవ్వకు చెప్పొద్దు అని కింద గీత గీశాడు. ఆమె పశువుల కొట్టం వెనక నిలబడి, గొంతు తగ్గించి చదవమంది. చదివాను. అప్పుడు నాకు కథలు రాయాలన్న ఉబలాటం ఎక్కువ. పేర్లు మార్చి, ఊరు మార్చి కథ చేశాను. ఒక పేపర్ ఆదివారం అనుబంధంలో వచ్చింది. కొట్టమూ, ఆ గీతా అట్లాగే ఉంచాను, అవే కదా బాగున్నవి అనుకున్నాను. రెండు రోజుల్లో ఊరంతా గుర్తుపట్టింది. అత్తకు తెలిసింది, అప్పు ఇచ్చినవాళ్ళకూ తెలిసింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, కొంగున ముడి వేసుకుని, మూడు కిలోమీటర్లు నడిచి పక్క ఊరి సార్ దగ్గర చదివించుకుంది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆ ఇంటికి ఉత్తరాలు ఇచ్చాను. ఒక్కటీ చదవమనలేదు. అందరూ బాగుందన్న ఆ కథను నేను మళ్ళీ ఎక్కడా అచ్చు వేయించలేదు.

అందుకే చెబుతున్నాను. నీ స్క్రిప్టులో ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపనికి కువైట్ పోయి వచ్చిన ఆమె ఉంది. ఆమె ఎవరో నాకు మొదటి పేజీలోనే తెలిసింది, వాడకట్టులో అందరికీ తెలుస్తుంది. పేరు మారిస్తే సరిపోతుందనుకోకు. ఆమె ఇంటికి పో. కెమెరా లేకుండా పో. రాసింది ఆమె ముందు చదివి వినిపించు. వద్దంటే తీసెయ్. ఆ సీను పోతే సినిమా పలచబడుతుందని టెన్షన్ పడకు, మీ అమ్మ దగ్గర ఇంకా చాలా ఉన్నాయి.

డబ్బు పెట్టేవాళ్ళు ఎట్లాగూ కొన్ని మార్చమంటారు. ఊరి పేరు మార్చు, అక్కను చెల్లెను చేయి, పాట పెట్టమంటే పెట్టు. మిత్తిని మాత్రం వదలకు. మీ బాపు పదకొండేళ్ళు అక్కడ ఎందుకు ఉన్నాడో ఆ మూడు రూపాయలే చెబుతాయి.

ఇంకొక మాట. ఆ రోజుల్లో చదువురానివాళ్ళు మా ఇంటికి వచ్చి నా టేప్‌రికార్డర్‌లో మాటలు నింపి క్యాసెట్లు పంపేవాళ్ళు. మీ అమ్మ 1998లో నింపిన క్యాసెట్ ఒకటి మీ బాపు తిరిగి వచ్చినప్పుడు తెచ్చాడు. టైగర్ బామ్ సీసాల మధ్య, దుప్పటిలో చుట్టి తెచ్చాడు. టేప్‌రికార్డర్ నా దగ్గరే ఉంది కాబట్టి ఇక్కడే ఉంచాడు. ఇద్దరం ఒకసారి పెట్టుకుని విన్నాం. అందులో మీ అమ్మ సగం సేపు మాట్లాడనే లేదు. మేక అరుస్తుంది, నువ్వు ఏదో కావాలని ఏడుస్తుంటావు, "ఆగురా, మీ బాపు ఇంటున్నడు" అంటుంది.

టేప్‌రికార్డర్ బెల్టు తెగింది, జగిత్యాలలో బాగుచేయించి పెడతాను. నువ్వు వచ్చే ముందు మీ అమ్మను అడుగు. ఆమె సరేనంటే ఇద్దరూ కలిసి రండి.

మీ పెదబాపు