బోర్డు వెనక్కి పంపే ముందు కేబుల్ మార్చి చూడండి

ప్రశ్న: నేను డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది విడవలూరు మండలం, నాన్నకు రొయ్యల గుంటలున్నాయి. నీటి టెంపరేచర్ ఫోన్‌లో కనపడేలా చేద్దామని ఆన్‌లైన్‌లో ఈఎస్పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ లాంటి సర్క్యూట్ బోర్డు) తెప్పించాను. ల్యాప్‌టాప్‌కి పెడితే ఎర్ర లైటు వెలుగుతోంది గానీ ఆర్డుయినో ఐడీఈలో (బోర్డుకి ప్రోగ్రాం రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్) పోర్టే కనపడటం లేదు. రిటర్న్ గడువు అయిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. బోర్డు పోయినట్టేనా?
– ఒక విద్యార్థి

జవాబు: ఆగు తమ్ముడూ, అప్పుడే ప్యాక్ చెయ్యకు. ఎర్ర లైటు వెలిగిందంటే బోర్డుకి కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. ముందు కేబుల్ మార్చు. పవర్ బ్యాంకులతో, చవక లైట్లతో వచ్చే యూఎస్‌బీ కేబుళ్లలో చాలావాటికి కరెంటు వైర్లే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు. ఫోన్‌ని ఏ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెడితే ఫొటోలు కాపీ అవుతాయో ఆ కేబుల్ వాడు, బోర్డుకి సరిపోతే.

కేబుల్ మంచిదే అని తేలాక విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పెట్టుకుని బోర్డు తీసి మళ్లీ పెట్టు. పెట్టినప్పుడు వచ్చి, తీసినప్పుడు పోయే లైను ఏదో చూడు, అదే నీ బోర్డు. పక్కన పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్ (బోర్డుని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) లేదన్నమాట. ఏ డ్రైవరో బోర్డే చెబుతుంది: యూఎస్‌బీ సాకెట్ దగ్గర ఒక చిన్న నల్ల చిప్ ఉంటుంది, దాని మీది అక్షరాలు కంటికి ఆనవు గానీ ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే కనపడతాయి. సిహెచ్340 అని ఉంటే ఒక డ్రైవరు, సిపి2102 అని ఉంటే ఇంకొకటి. చిప్ తయారీదారు సైటు నుంచే దించుకో, ‘ఫ్రీ డ్రైవర్ అప్‌డేటర్’ సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకు.

తర్వాత ఆర్డుయినో ఐడీఈలోని బోర్డ్స్ మేనేజర్‌లో, ఈఎస్పీ32 చిప్ చేసే కంపెనీ ఎస్ప్రెసిఫ్ వాళ్ల ఈఎస్పీ32 ప్యాకేజీ ఇన్‌స్టాల్ చెయ్యి. అది వందల ఎంబీలు ఉంటుంది, గుంట గట్టు మీద ఫోన్ నెట్‌తో పెట్టుకుంటే మధ్యలో ఆగి విసుగొస్తుంది. బోర్డు పేరు దగ్గర ‘ఈఎస్పీ32 డెవ్ మాడ్యూల్’, పోర్టు దగ్గర ఇందాక కనిపెట్టిన లైనులో ఉన్న కామ్ నంబరు (కామ్3 లాంటిది) ఎంచుకుని ‘బ్లింక్’ (లైటు వెలిగి ఆరే) ఉదాహరణ ప్రోగ్రాం ఎక్కించు. ‘కనెక్టింగ్’ అని చుక్కలు చుక్కలుగా పడుతూ చివరికి ఎర్రర్ వస్తే కంగారు పడకు, ఆ చుక్కలు పడేటప్పుడు బోర్డు మీది ‘బూట్’ బటన్ నొక్కి పట్టుకుని, శాతాలు కదలడం మొదలయ్యాక వదిలెయ్యి. ఎల్ఈడీ పేరు తెలియదని ఎర్రర్ వస్తే ఆ పేరు బదులు 2 అని రాయి, చాలా బోర్డుల్లో నీలం లైటు ఆ పిన్నుకే ఉంటుంది. అసలు ఆ లైటే లేని బోర్డులూ ఉన్నాయి, అలాంటప్పుడు సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అక్షరాలు ల్యాప్‌టాప్‌లో కనపడే చోటు) నీ పేరు ప్రింట్ చేయించు. ప్రోగ్రాంలో డేటా వేగం 115200 అని రాస్తే మానిటర్‌లోనూ అదే పెట్టాలి, లేకపోతే పిచ్చి గుర్తులు వస్తాయి.

లైటు మినుకుమంటే అయిపోలేదు. కొన్ని బోర్డులు ఫ్యాక్టరీ నుంచే బ్లింక్ ఎక్కించుకుని వస్తాయి. డిలేలో (ఆగే సమయం, మిల్లీసెకండ్లలో) 1000 తీసి 200 పెట్టి మళ్లీ అప్‌లోడ్ చెయ్యి, వేగం మారితేనే అది నీ ప్రోగ్రాం. అప్పటిదాకా సెన్సర్ కవరు విప్పకు. అన్నీ ఒకేసారి తగిలించి ఎక్కడ తేడా కొట్టిందో తెలియక తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

టెంపరేచర్‌కి డీఎస్18బి20 వాటర్‌ప్రూఫ్ ప్రోబ్ తీసుకో. డేటా వైరుకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టడం మరవకు. మైనస్ 127 అని వస్తే సెన్సర్ అందలేదని, 85 అని వస్తే కొలత పూర్తికాకముందే చదివావని అర్థం, గుంటలో నీళ్లు ఉడుకుతున్నాయని కాదు. ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనపడుతుంది, కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్‌ని ఆ బ్యాండుకి మార్చు. ఉప్పుగాలికి రాగి తొందరగా పచ్చబడుతుంది, బోర్డుని మూత బిగిసే డబ్బాలో పెట్టు.

ఏరియేటర్లు (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) కూడా దీంతోనే ఆన్, ఆఫ్ చేద్దామని ఎలాగూ అనిపిస్తుంది. ఇప్పుడు వద్దు. త్రీ ఫేజ్ కరెంటు ప్రాణం మీదికి తెస్తుంది, పైగా రాత్రి పూట ఏరియేటర్ ఆగితే ఆక్సిజన్ పడిపోయి పంటే పోతుంది. నువ్వు చూడటం వరకే చెయ్యి, స్టార్టర్ నాన్న చేతిలోనే ఉండనీ.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలకు నేర్పడానికి ఆర్డుయినో యూనో బోర్డు కొనాలా, ఈఎస్పీ32 కొనాలా?
– ఒక సైన్స్ టీచర్, ఒంగోలు

జవాబు: యూనోనే కొనండి మేడమ్. వైఫై లేదు, మెమరీ తక్కువ, అయినా పిల్లల చేతిలో చిన్న చిన్న పొరపాట్లను కాస్త తట్టుకుంటుంది, చిప్ కాలినా సాకెట్‌లో ఉండే రకమైతే అదొక్కటే మార్చుకోవచ్చు. ఎప్పుడైనా ఈఎస్పీ32కి మారితే, యూనోకి వాడిన 5 వోల్టుల సెన్సర్ల అవుట్‌పుట్‌ను నేరుగా దాని పిన్నులకు ఇవ్వనీయకండి, అవి 3.3 వోల్టులవి.