మా మేస్త్రీ కిటికీలకు కూడా కొలత వేశాడు, అందుకే చెప్తున్నా

పాత ఇల్లు రిపేరు చేయిస్తున్నాం, మేస్త్రీతో కాగితం రాసుకోవాలా, రాసుకుంటే స్టాంపు పేపరు మీదే రాయాలా అని అడిగారు. రాసుకోండి. మేస్త్రీ మీ పెద్దమ్మ కొడుకైనా రాసుకోండి. స్టాంపు పేపరు సంగతి తర్వాత, ముందు మా కిటికీల సంగతి వినండి.

మాది కడపలో నాన్న కట్టించిన ఇల్లు. గోడలకు చెమ్మెక్కి పెచ్చులు రాలుతుంటే మూడేళ్ల కిందట లోపలి ప్లాస్టరింగ్ అంతా కొట్టించేసి కొత్తగా వేయించాం. వంటింట్లో పొయ్యి గట్టు కూడా తీయించి కొత్త బండ వేయించాం. మేస్త్రీని మా బావమరిది తెచ్చాడు. నేను కాగితం అనగానే మేస్త్రీ నవ్వి, "యాలన్నా కాగితం, మనోళ్లే గదా! ఉగాదికి పాలు పొంగిచ్చుకో" అన్నాడు. బావమరిది ముఖం ముడుచుకున్నాడు, తన మనిషిని అనుమానించానని. ఇంకేం మాట్లాడతాం? సామాను మాది, పని వాళ్లది, చదరపు అడుగుకు 30 రూపాయలు. అంతే ఒప్పందం, అదీ వాకిట్లో నిలబడి.

ఉగాది వచ్చింది. పొద్దున్నే దేవుని కడప గుడికి పోయొచ్చాం. ఆ రోజు అక్కడికి ముస్లింలు కూడా వచ్చి మొక్కుకుంటారు, చూడాల్సిన సంగతి. ఇంటికొస్తే పాలు పొంగించడానికి పొయ్యి గట్టే లేదు. బండ వాకిట్లో గోడకు ఆనించి ఉంది. మేస్త్రీ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఇంకో చోట పని పట్టుకున్నాడని తర్వాత తెలిసింది. మేము ఇచ్చిన అడ్వాన్సుతో ఆ పనికి కూలీలను కుదుర్చుకున్నాడని నా నమ్మకం. రుజువు లేదు గానీ నమ్మకం ఉంది.

ఇరవై రోజులకు పని ముగిసింది. శనివారం బట్వాడా, అంటే కూలి డబ్బులిచ్చే నాడు కొలతలు మొదలుపెట్టాం. టేపు ఒక కొస నా చేతిలో, ఇంకో కొస వాళ్ల పిల్లోడి చేతిలో, పుస్తకం మా ఆవిడ దగ్గర. ముందు గదిలో టేపు ఈ మూల నుంచి ఆ మూలకు కిటికీ మీదుగా సాగింది. కిటికీ తెరిచే ఉంది. అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ మమ్మల్నే చూస్తోంది. మేస్త్రీ "పన్నెండు పది, నూటిరవై" అన్నాడు.

"ఇక్కడ గోడ యాడుంది మేస్త్రీ? గాలికి కూడా ప్లాస్టరింగ్ చేసినావా?"

"కిటికీ అంచులు తిప్పిందెవరునా? దానికే ఎక్కువ పొద్దు పడతాది. ఊరంతా ఇదే లెక్క."

ఆరు కిటికీలు, ఒక్కోటి నాలుగు బై నాలుగు. గదుల మధ్య నాలుగు తలుపులు, మూడున్నర బై ఏడు, రెండు వైపులా. మొత్తం 292 అడుగులు, 8,760 రూపాయలు. ఆ డబ్బు కోసం ఇద్దరం గంటసేపు అరుచుకున్నాం. చివరికి బావమరిది ముఖం చూసి కట్టేశాను.

తర్వాత ఇంజినీరింగ్ చదివిన మా అన్న కొడుకును అడిగితే, దీనికి ఐ.ఎస్. 1200 అని ప్రభుత్వ ప్రమాణమే ఉందన్నాడు. అర చదరపు మీటరు, అంటే సుమారు అయిదున్నర చదరపు అడుగుల లోపు ఖాళీలకు తీసివేత లేదు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా, గోడకు రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ అయితే ఒక వైపే తీసేయాలి, అంచులకు విడిగా కూలి ఉండదు. అంటే తలుపుల విషయంలో మేస్త్రీది సగం న్యాయమే. ఆ మాట వాడికి నేను ఇంతవరకూ చెప్పలేదు.

కాబట్టి కాగితంలో ముందు రాయాల్సింది ఎలా కొలుస్తారో. రేటు అందరూ రాస్తారు, దాని మీద గొడవ రాదు. కొలతలోంచి కిటికీలు తీసేస్తారా, మూలలు తిప్పినందుకు, పరంజా కట్టినందుకు వేరే కూలా, కొట్టేసిన పెళ్లలు ఎవరు ఎత్తాలి? మా వీధిలో రెండు ట్రాక్టర్ల పెళ్లలు పదిరోజులు పడి ఉన్నాయి. మనుషులు దాటుకుంటూ పోయారు, ఎత్తించే ఖర్చు మాదే అయింది. డబ్బు పని అయినంత వరకే ఇస్తామని, కొంత చివరికి ఆపుతామని కూడా రాయండి. ప్లాస్టరింగ్‌కు కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి కదా, ఆ నీళ్లు ఎవరు పట్టాలో కూడా. అది ఎవరికీ గుర్తు రాదు.

ఇక స్టాంపు. నోటిమాట కూడా 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందమే, కోర్టులో నిరూపించడమే తలనొప్పి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది గానీ, కోర్టుకు పోతే స్టాంపు రుసుము, జరిమానా కట్టమంటారు. వంద రూపాయల పేపరు కొనేస్తే సరి. కానీ రాసిపెట్టేవాళ్ల చేతికివ్వకండి. "మొదటి పార్టీ వారు, రెండవ పార్టీ వారు" అని రెండు పేజీలు నింపుతారు, అందులో కిటికీ మాటే ఉండదు.

పోయినేడాది మేడ మీద గదికి మళ్లీ ఆ మేస్త్రీనే పిలిచాను. చేతిపని మాత్రం బాగుంటుంది మరి. ఈసారి నేనే రాసి చదివి వినిపించాను. కిటికీల దగ్గర కిక్కురుమనలేదు. అంతా విని, "ఇంకోటి రాయినా, రోజుకు రెండుసార్లు టీ ఇంటోళ్లే ఇయ్యాల" అన్నాడు. రాశాను, సంతకం పెట్టాడు. టీ మాత్రం మూడుసార్లు తాగారు.