అమెరికా వెళ్లిన అబ్బాయి వచ్చేస్తానంటున్నాడు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా బాబు ఆగస్టులో ఎంఎస్ కోసం టెక్సాస్ వెళ్లాడు. నవంబర్ వచ్చేసరికి రూమ్‌లోంచి బయటికే రావట్లేదు, వచ్చేస్తా అంటున్నాడు. లోన్ తీసుకుని పంపాం. ఇది కల్చర్ షాకేనా, ఎన్ని నెలల్లో పోతుంది? పాపకి జర్మనీ అయితే నయమా? - ఓ తల్లి, దిల్‌సుఖ్‌నగర్

అమ్మా, ముందు కంగారు పడకండి. దసరా దాటిందంటే చాలు, ఇదే ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ వస్తుంది. అడిగేది నెలల లెక్కే కానీ లోపల ఉన్నది "పంపి తప్పు చేశామా, చుట్టాలకి ఏం చెప్పుకోవాలి" అన్న భయం. మీరేం తప్పు చెయ్యలేదు, వాడూ చేతకానివాడు కాదు.

నెలల లెక్క అంటే, 1955లో లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు అమెరికా వెళ్లొచ్చిన నార్వే వాళ్లని అడిగి చూస్తే ఆరు నెలల లోపు ఉన్నవాళ్లూ, ఏడాదిన్నర దాటినవాళ్లూ బానే ఉన్నారు, మధ్యలో వాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు, దాన్నే యూ-కర్వ్ అంటారు. 1960లో ఓబర్గ్ అనే ఆయన కల్చర్ షాక్‌కి హనీమూన్ (మొదటి సంబరం), క్రైసిస్ (కష్టకాలం) లాంటి దశలు చెప్పాడు. కానీ 1998లో కొలీన్ వార్డ్ అనే పరిశోధకురాలి టీమ్ న్యూజీలాండ్ వెళ్లిన జపాన్ స్టూడెంట్స్‌ని దిగినప్పటి నుంచి ఏడాది పాటు గమనిస్తే అసలు కష్టం మొదట్లోనే ఎక్కువని తేలింది. అందుకే ఫలానా నెలకి తగ్గిపోతుందని నేను మాటివ్వను, మూడో నెలలో ఇలా ఉండటం మాత్రం వింతేం కాదు.

నాకు అసలు డౌట్ "తెలుగోళ్లు ఎక్కువున్న యూనివర్సిటీ అయితే సేఫ్" అనే ఇప్పటి ఫ్యాషన్ మీద. నలుగురూ మనవాళ్లే, ఇంట్లో పప్పుచారు, క్లాస్‌కీ కలిసే, గ్రూప్ ప్రాజెక్ట్‌కీ వాళ్లే. మనసుకి ఆ తోడు కావాలి, వద్దనను. కానీ ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి (స్టూడెంట్స్ వచ్చి డౌట్లు అడగడానికి కేటాయించిన టైమ్) వెళ్లి అర్థం కాలేదని అడగడం, లీజులో ఏముందో చదివి ప్రశ్నించడం లాంటివి అక్కడివాళ్లతో మసిలితేనే వస్తాయి. వార్డ్ కూడా మనసు కుదుటపడటం వేరు, పనులు చక్కబెట్టుకోవడం వేరు అంటుంది. రెండోది రోజూ చేస్తుంటేనే అలవాటవుతుంది. వారానికి ఒక్కసారైనా ఆఫీస్ అవర్స్‌కి వెళ్లమనండి.

ఇక మీకో మాట, కోపం తెచ్చుకోకండి. ఇక్కడ పొద్దున్న మీరు ఫోన్ చేసేసరికి వాడికి అక్కడ రాత్రి, అలసిపోయి ఉంటాడు, అప్పుడు మొదటి మాటే "పార్ట్‌టైమ్ దొరికిందా, పక్కింటి వాళ్లబ్బాయికి దొరికిందట కదా" అంటే వాడు ఇంకెవరికి చెప్పుకోవాలి? క్యాంపస్‌లో సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలే పర్మిషన్, బయట దొంగచాటుగా చేస్తే వీసాకే ముప్పు. లోన్ మాట కొన్నాళ్లు ఎత్తకండి. తిన్నావా, ఇవాళ ఎవరితో మాట్లాడావు అని అడగండి.

నిద్ర లేదు, తిండి లేదు, క్లాసులు మానేశాడు, బతకాలని లేదంటున్నాడు అంటే మాత్రం అదే తగ్గుతుందిలే అని ఆగొద్దు. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లమనండి, అర్ధరాత్రయినా 988కి (అమెరికాలో ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ల హెల్ప్‌లైన్) కాల్ చెయ్యొచ్చు. కోర్సులు తగ్గించుకోవాలన్నా, వచ్చేయాలన్నా ముందు ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో అడిగాకే, చెప్పకుండా డ్రాప్ చేస్తే వీసా మీద అక్కడ ఉండే స్టూడెంట్ స్టేటస్ పోతుంది.

పాప సంగతి: జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు నిజమే, కానీ ఇంగ్లిష్‌లో చదివినా ఇల్లు వెతుక్కోవడానికీ, ఆఫీసు కాగితాలకీ జర్మన్ కావాలి, ఆదివారం షాపులు మూసేస్తారు, ఒంటరితనం అక్కడా తక్కువేం కాదు. ముందు తనని జర్మన్ క్లాసులో చేర్పించండి, బీ1 (రోజువారీ మాటలు సొంతంగా నెట్టుకొచ్చే స్థాయి) దాకా వచ్చాక ఇద్దరూ కలిసి రండి, అప్పుడు యూనివర్సిటీలు చూద్దాం. ఈలోపు అన్నయ్యతో మీరు లేనప్పుడు మాట్లాడమనండి, మీకు చెప్పనివి తనకి చెప్తాడు.