సొంత కంపెనీ తర్వాత ఫైనాన్స్ ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, బీటెక్ చదివాను. రొయ్యల చెరువుల లెక్కలు చూసే యాప్ పెట్టి ఏడేళ్లు కంపెనీ నడిపాను. ఏడాదిగా వ్యాపారం ఆగిపోయింది. ఫైనాన్స్ రంగంలోకి మారదామనుకుంటున్నాను. ఎంబీఏ చేయమని ఒకరు, సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణ పరీక్షలు) రాయమని ఒకరు అంటున్నారు. ఏది మంచిది?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: కోర్సు ఫీజు కట్టేముందు పాత కంపెనీ కాగితాలు బయటికి తీయండి. ఆఫీసు ఖాళీ చేస్తే కంపెనీ మూతపడినట్టే అనుకుంటారు చాలామంది. కంపెనీల రిజిస్ట్రార్ లెక్కలో అది బతికే ఉంటుంది. వార్షిక రిటర్నులు వేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయల చొప్పున ఆలస్య రుసుం పెరుగుతుంది. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టరుగా మీ మీద ఐదేళ్ల అనర్హత పడుతుంది. నలుగురి డబ్బూ చూసే ఉద్యోగానికి వెళ్తూ ఈ మచ్చ ఎందుకు? రెండు ఆర్థిక సంవత్సరాలు వ్యాపారం లేకుండా ఉండి, బాకీలన్నీ తీరాక ఎస్‌టీకే-2 ఫారంతో కంపెనీ పేరు కొట్టేయించుకోవచ్చు. రుసుం 10,000 రూపాయలు. దానికి జతచేసే ఆస్తి అప్పుల పట్టీ 30 రోజులకు మించి పాతది కాకూడదు కాబట్టి దాని మీద సంతకం ఆఖర్న పెట్టించండి. మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయ్యాక మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 (ఆఖరి రిటర్ను) వేయడం కూడా మరవొద్దు.

కంపెనీ అప్పుకి సొంత పూచీ సంతకం పెట్టారా? అయితే అది మీ సిబిల్ రిపోర్టులో ఉంటుంది. బ్యాంకుతో బేరమాడి తక్కువకి తేల్చుకుంటే ‘సెటిల్డ్’ అని పడుతుంది, అంటే అప్పు పూర్తిగా కట్టలేదన్న మచ్చ. వీలైతే మొత్తం కట్టి, ‘క్లోజ్డ్’ అని నమోదైందో లేదో చూసుకుని, నో డ్యూ సర్టిఫికెట్ దాచుకోండి.

ఇక ఉద్యోగం. బ్యాంకు ఆఫీసర్ల ఐబీపీఎస్ పీఓ పరీక్షకి జనరల్ అభ్యర్థులకు 30 ఏళ్లే హద్దు, ఆ దారి లేదు. 38 ఏళ్లకి ఫుల్‌టైమ్ ఎంబీఏ మా లెక్కలో దండగ. సీఎఫ్‌ఏ మూడు లెవెళ్లు, ఒక్కోదానికీ 300 గంటల చదువు కావాలంటారు. పైగా చార్టర్ (సీఎఫ్‌ఏ పట్టా) రావాలంటే కనీసం 36 నెలల్లో 4,000 గంటల తగిన అనుభవం ఉండాలి. అది షేర్లు, ఫండ్లు చూసేవాళ్లకి పనికొచ్చే చదువు. మీకు దగ్గరి గుమ్మం క్రెడిట్, అంటే అప్పు ఇవ్వొచ్చా, ఎంత, ఏ వాయిదాలతో అని తేల్చే పని. ఎన్‌బీఎఫ్‌సీల్లో (బ్యాంకులు కాని రుణ సంస్థల్లో), డిజిటల్ రుణ సంస్థల్లో ఉంటుంది.

అక్కడ మీకున్న బలం చెరువు తెలియడం. వనామి రొయ్యల రైతుకి మూడు నాలుగు నెలలు అంతా ఖర్చే. మేత డీలర్ ఖాతాలో బాకీ పెరుగుతూ ఉంటుంది, డబ్బు వచ్చేది పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాకే. అలాంటివాడికి నెలవారీ ఇఎంఐ పెడితే ఏమవుతుంది? మొదటి వాయిదా 30వ రోజున పడి, కట్టలేకపోతే, 60 రోజులు దాటేసరికి ఎస్‌ఎంఏ-2 (మొండిబాకీకి ముందు హెచ్చరిక దశ), 90 దాటితే ఎన్‌పీఏ (మొండిబాకీ). అంటే అప్పిచ్చిన 120 రోజులకి. పట్టుబడి ఓ వారం వెనకపడితే చాలు, చెరువులో రొయ్య బాగానే ఉంటుంది, పుస్తకంలో అప్పు మొండిబాకీ అవుతుంది. ఈ సంగతి కాగితం మీద పెట్టి చూపగలిగితే ఇంటర్వ్యూలో మీ మాట వింటారు.

లేనిది లెక్కల భాష. మూడు నెలలు దాని మీద కూర్చోండి. ముందు మీ కంపెనీ మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లే చదవండి. జీఎస్టీఆర్-3బీ రిటర్నులో చూపిన అమ్మకాలనీ బ్యాంకు ఖాతాలో పడ్డ జమలనీ నెలనెలా పోల్చండి. సొంత ఖాతాల మధ్య తిప్పిన డబ్బు, తెచ్చిన అప్పు తీసేయకుండా అమ్మకాలుగా లెక్కపెట్టడమే కొత్తవాళ్లు చేసే పొరపాటు. తర్వాత డీఎస్‌సీఆర్, అంటే సంపాదన అప్పు వాయిదాలకి ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క. పన్ను పోను లాభం 6 లక్షలు, తరుగుదల 2, వడ్డీ 2, మొత్తం 10 లక్షలు. ఏడాదికి కట్టాల్సింది అసలు 6, వడ్డీ 2, మొత్తం 8. భాగిస్తే 1.25. ఒకటికి తగ్గితే సంపాదన వాయిదాలకి చాలదని అర్థం. చిన్న పరిశ్రమలకి రోజువారీ పెట్టుబడి అప్పు ఎంతో అమ్మకాలని బట్టి తేల్చే టర్నోవర్ పద్ధతి కూడా నేర్చుకోండి: అంచనా అమ్మకాలు 2 కోట్లయితే బ్యాంకు 20 శాతం, అంటే 40 లక్షలు. యజమాని సొంతంగా 5 శాతం, 10 లక్షలు. ఇవి వచ్చాక తెలిసిన రైస్ మిల్లు లెక్కలో, ఐస్ ప్లాంటు లెక్కలో అడిగి తీసుకుని, యజమాని పేరు తీసేసి, వాళ్లకి అప్పు ఇవ్వొచ్చో లేదో తేల్చే నాలుగు పేజీల క్రెడిట్ నోట్ రాయండి. సర్టిఫికెట్ కన్నా అదే ఎక్కువ పలుకుతుంది. ఉద్యోగంలో చేరాక కావాలంటే ఎఫ్‌ఆర్‌ఎం (ఆర్థిక రిస్కు మీద పరీక్ష) రాయండి, రెండే భాగాలు.

రెజ్యూమెలో ‘సీఈఓ’ అని పెద్దక్షరాలు వద్దు. జీతాలు, వసూళ్లు, పన్నులు ఎలా నడిపారో రాయండి. పైన మీకన్నా పదేళ్లు చిన్న మేనేజర్ ఉండొచ్చు, ముందే మనసు సర్దుకోండి.

ప్రశ్న: మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. అది వదిలేసి ఇంటి దగ్గరే మ్యూచువల్ ఫండ్ల పని చేసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: చేసుకోవచ్చమ్మా, కానీ మొదటి ఏళ్లలో దాని మీదే ఇల్లు గడవదు. ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 5-ఎ పరీక్ష రాయాలి: 100 ప్రశ్నలు, 2 గంటలు, 50 మార్కులు వస్తే చాలు, తప్పుకి కోత లేదు. పాసయ్యాక ఆంఫీ (మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం) దగ్గర ఏఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. ముందస్తు కమీషన్ ఇవ్వడం 2018 అక్టోబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆపేసింది. ఇప్పుడు వచ్చేది ప్రధానంగా ట్రెయిల్, అంటే పెట్టుబడి ఉన్నంతకాలం కొద్దికొద్దిగా వచ్చే కమీషన్. ఏడాదికి 0.8 శాతం అనుకుంటే, నెలకి లక్ష రావడానికి మీ ద్వారా వచ్చిన పెట్టుబడి 15 కోట్లు ఉండాలి. సెబీ దగ్గర విడిగా రిజిస్టర్ కాకుండా ‘సలహాదారు’ అని బోర్డు పెట్టకూడదు. కోనసీమలో గల్ఫ్ డబ్బు ఉంది కాబట్టి ఎన్‌ఆర్‌ఐ కేవైసీ, ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) నిబంధనలు బాగా నేర్చుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ల పెట్టుబడిని మాత్రం అన్ని ఫండ్ సంస్థలూ తీసుకోవు. దరఖాస్తు నింపకముందే అడగండి.