బ్యాకప్ క్లౌడ్ తీస్తుంది సరే, రిస్టోర్ చేసేదెవరు?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ (సంస్థ డేటాను భద్రంగా చూసుకునే ఉద్యోగి) అవుతానని పట్టుబడుతున్నాడు. బ్యాకప్‌లన్నీ ఇప్పుడు క్లౌడే తీస్తోందట, ఇక ఆ ఉద్యోగం ఎన్నాళ్లుంటుంది? డేటా సైన్స్‌లో చేర్పించాలని మా ఆలోచన. రెండింటినీ పోల్చి చెప్పగలరా?

జవాబు: మీ భయం క్లౌడ్ గురించి కాదండీ. అందరి పిల్లలూ వెళ్తున్న దారిలో మీవాడు వెళ్లడం లేదన్నదే మీ బెంగ. ఇదే ప్రశ్న నాకు ఎన్నో ఇళ్ల నుంచి వస్తుంది. ముందు కాస్త స్థిమితపడండి, మీ అబ్బాయి ఎంచుకున్నది మూతపడే దారి కాదు.

క్లౌడ్ రోజూ బ్యాకప్ తీసే మాట నిజమే. మధ్యాహ్నం 2:10కి ఎవరో ఒక ఖాతాదారు చిరునామా మార్చబోయి, ఎవరిది మార్చాలో చెప్పే ‘వేర్’ షరతు పెట్టకుండా అప్‌డేట్ నడిపారనుకోండి. ఖాతాదారులందరి చిరునామా ఒకటైపోతుంది. రెప్లికా (మార్పులన్నీ వెంటవెంటనే చేరే నకలు సర్వర్) ఉంది కదా అంటే, ఆ తప్పు క్షణాల్లో అక్కడికీ చేరిపోతుంది. అప్పుడు రాత్రి తీసిన పూర్తి బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో రిస్టోర్ చేసి (తిరిగి నిలబెట్టి), దానిపై ట్రాన్సాక్షన్ లాగ్‌లను (ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే ఫైళ్లను) 2:09 వరకే నడిపించి, పాడైన టేబుల్‌ను మాత్రం వెనక్కి తేవాలి. ఆ తర్వాత వచ్చిన సరైన మార్పులు పోకూడదు. ఎక్కడ ఆపాలో, ఎంత వదులుకోవచ్చో తేల్చవలసింది మనిషే.

2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవలందించే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటానే చెరిపేశారు. చూస్తే బ్యాకప్ ఫైళ్లు లేనేలేవు. వాళ్లు వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రాం పాత 9.2 వెర్షన్ కావడంతో ఆ పని విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పే మెయిళ్లూ చేరలేదు. దాదాపు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. రిస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నమ్మని మనిషి ప్రతి సంస్థకూ కావాలి. బ్యాకప్‌కు టైం పెట్టి కూర్చునే పని మాత్రం తగ్గుతోంది, అది దాచను.

డేటా సైన్స్ మీద నాకు సందేహాలున్నాయి. కొద్ది నెలల కోర్సులు చాలావరకు శుభ్రం చేసిన డేటా చేతికిచ్చి మోడల్ (డేటా నుంచి అంచనాలు వేసే ప్రోగ్రాం) నడిపించడం నేర్పుతాయి. ఉద్యోగంలో డేటా అలా రాదు. గణాంక శాస్త్రంలో పట్టు లేకపోతే, వచ్చిన జవాబు తప్పని కూడా తెలియదు. అందరూ చేరుతున్నారన్నది చేరడానికి కారణం కాదు. మీ ఉత్తరంలో అబ్బాయికి ఆ లెక్కలంటే ఇష్టమో కాదో ఒక్క ముక్కైనా లేదు. అడగకుండానే ఫీజు కట్టేస్తారా? వాడు పట్టుబడుతున్నాడంటే ఆలోచించుకునే ఉంటాడు, ముందు వినండి.

పోస్ట్‌గ్రెస్ ఉచితం. తన కంప్యూటర్లోనే పూర్తి బ్యాకప్ తీసి, కావాలని ఒక టేబుల్ చెరిపి, అంతకు ముందు నిమిషానికి తిరిగి తెచ్చుకోమనండి. ఎంతసేపు పట్టిందో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఆ కాగితం పనికొస్తుంది. లాగ్‌లను భద్రపరిచే ఏర్పాటు బ్యాకప్ కంటే ముందే చేసుకోవాలి, కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే.