లా-5 నమూనా కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీవు కొన్న రెండు ప్లాస్టిక్ విమాన నమూనాల పెట్టెల ఫోటోలు చూశాను. రెండూ రెండో ప్రపంచ యుద్ధకాలపు సోవియట్ ఫైటర్ విమానాలే. ఒకటి లావోచ్కిన్ లా-5ఎఫ్‌ఎన్, రెండవది యాకొవ్లెవ్ యాక్-3. రెండూ 1/48 స్కేలువే, అంటే అసలు విమానంలో 48వ వంతు, కనుక పూర్తయ్యాక పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ముందు ఏది మొదలుపెట్టాలని అడిగావు. లా-5ఎఫ్‌ఎన్‌తో మొదలుపెట్టు. గుండ్రటి ముక్కు, బలమైన ఒళ్లు, తక్కువ చిన్న భాగాలు ఉన్న యంత్రమది. అసలు విమానం రెక్కల చివరి నుంచి చివరికి 9.8 మీటర్లు కనుక నీ నమూనా 20 సెంటీమీటర్లకు కాస్త పైగా వస్తుంది. ఎడమచేత పట్టుకుని కుడిచేత కుంచె తిప్పడానికి అనువైన పరిమాణం.

పెట్టె విప్పగానే భాగాలు కోయడం మొదలుపెట్టకు. ఆ యంత్రం దేనితో తయారైందో ముందుగా తెలుసుకో. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయే సలహాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయం నుంచే వస్తాయి. సోవియట్ దేశానికి యుద్ధకాలంలో అల్యూమినియం చాలలేదు. బర్చ్ అడవులకు మాత్రం కొదవ లేదు. అందువల్ల విమాన రూపకర్త లావోచ్కిన్ బృందం లా-5 కు ముందు తెచ్చిన తన లాగ్-3 ఫైటర్‌ను దాదాపు పూర్తిగా చెక్కతో, ముఖ్యమైన చోట్ల జిగురురెసిన్ పట్టించి గట్టిపరిచిన చెక్కతో నిర్మించింది. ఆ యంత్రం బరువెక్కువై, శక్తి చాలక ఇబ్బంది పడుతుంటే 1942 లో దాని నీటితో చల్లబడే ఇంజను తీసేసి, ష్వెత్సోవ్ రూపొందించిన 14 సిలిండర్ల గాలితో చల్లబడే ఇంజను అమర్చారు. లా-5 అలా పుట్టింది. తరువాత వచ్చిన ఎఫ్‌ఎన్ రకంలో ఇంధనాన్ని నేరుగా సిలిండర్లలోకి చిమ్మే పద్ధతి పెట్టడంతో శక్తి 1850 హార్స్‌పవర్‌కు చేరింది. ఇంజను మారినా ఒళ్లు మాత్రం చెక్కదే. ఇంజనును కప్పే రేకులు, చక్రాల మూతలు, రెక్కల ముందంచున జారే స్లాట్లు, వెనుకంచున దిగే ఫ్లాపులు లోహం. చుక్కాని వంటి కదిలే భాగాలు లోహపు చట్రానికి గుడ్డ కప్పినవి. తక్కినదంతా బర్చ్ పొరలు అతికించి, పైన గుడ్డ అంటించి, లప్పం పట్టించి, నున్నగా రుద్ది రంగు వేసిన చెక్క.

ఇప్పుడు నీ పెట్టెలోని రెక్కను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడు. రేకుల అతుకుల్లా గీతలు కనిపిస్తే అవి చాలావరకు అసలు విమానంలో లేనివి. చెక్క రెక్కకు రేకుల అతుకులు ఎక్కడి నుంచి వస్తాయి? అక్కడ నిజంగా కనిపించవలసినవి ఐలెరాన్ల (విమానాన్ని పక్కకు వంచే రెక్క వెనుకంచు పలకల) అంచులు, ఫ్లాపులు, స్లాట్లు, చక్రాల మూతలు, ఇంధనం పోసే మూతలు, తనిఖీ కోసం పెట్టిన చిన్న తలుపులు, అంతే. వీటిని ఉంచి తక్కిన గీతలన్నీ పూడ్చు. ద్రవరూపంలో దొరికే చిక్కటి ప్రైమరును (రంగుకు ముందు వేసే పూతను) సన్న కుంచెతో గీత వెంట నింపి, ఒక రాత్రి ఆరనిచ్చి, 1000 నంబరు ఉప్పుకాగితాన్ని నీళ్లలో ముంచి రుద్దు. మొదటిసారి ఆరాక ప్రైమరు కుంగి గీత మళ్లీ పల్చగా కనిపిస్తుంది. విసుక్కోకుండా రెండోసారి నింపి, ఈసారి 1500 నంబరుతో ముగించు. గోరు ఆడించి చూస్తే ఎక్కడా తగలకూడదు. ఇంత పని అవసరమా అని నీకు అనిపించవచ్చు. ఈ రోజుల్లో ప్రతి గీతలోనూ నల్లటి రంగునీళ్లు పారించి విమానాన్ని గళ్ల లుంగీలా చేయడం ఫ్యాషనైపోయింది కాబట్టి పూడ్చిన రెక్క మొదట బోసిగా కనిపిస్తుంది. ఆ బోసితనమే నిజం.

రంగు ఆ విమానాలకు అలంకారం కాదని కూడా గుర్తుంచుకో. 1943 వేసవిలో కుర్స్క్ యుద్ధానికి సరిగ్గా ముందు యాక్ విమానాల రెక్కల పైపొర లేచిపోవడం మొదలైంది. సరైన పరీక్షలు లేకుండా మార్చిన రంగు పగలడం, ఆ పగుళ్లలోంచి వాన నీరు దిగడం, గుడ్డ, ప్లైవుడ్ ఊడిరావడం దానికి కారణమని తేలింది. యాక్ విమానాల రూపకర్త, అప్పటికి విమాన పరిశ్రమ శాఖలో ఉన్నత పదవిలో కూడా ఉన్న యాకొవ్లెవ్‌ను స్టాలిన్ స్వయంగా పిలిపించి నిలదీశాడు. కర్మాగారాల బృందాలు యుద్ధరంగానికి వెళ్లి కొద్ది వారాల్లోనే రెక్కలు బాగుచేశాయి. చెక్క యంత్రానికి రంగే గొడుగు. సిపాయిలు దానిని ఇష్టం వచ్చినట్టు పెచ్చులూడనివ్వలేదు. ఊడిన చోట వెంటనే పూత పూశారు. నీ నమూనా మీద పాతబడిన గుర్తులు వేసేటప్పుడు ఇది మనసులో ఉంచుకో.

కట్టడం గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే పెట్టెలో వచ్చే కాగితం మీద వరుసక్రమం ఎలాగూ ఉంటుంది. కాక్‌పిట్ లోపల బూడిద రంగు వేసి, పరికరాల పలకకు నలుపు వేసి, బెల్టులను కాగితంతోనో సన్నటి రేకుతోనో చేసి పెట్టు; మూత మూశాక కనిపించేది అంతే. ఇంజను విషయంలో మాత్రం జాగ్రత్త. కొన్ని పెట్టెల్లో ఇంజను మొత్తం ఇచ్చి, దానిపై కప్పు రేకులను విడివిడిగా ఇస్తారు. ముందు జిగురు లేకుండా అన్నీ అమర్చి చూడు. లోపలి చట్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగినా రేకులు మూసుకోవు. లా-5 ముక్కులో ఇంజనుకు ముందు తెరుచుకుని మూసుకునే పలకలు ఉంటాయి కనుక మూసిన కప్పులో ఇంజను వెనుక భాగం ఎవరికీ కనిపించదు. మూసి చూపించదలచుకుంటే ఆ కనిపించని భాగాలను నిస్సంకోచంగా వదిలేయవచ్చు. పొగగొట్టాలు మాత్రం లెక్క తప్పకుండా పెట్టు: ఎఫ్‌ఎన్ రకంలో ఒక్కో పక్క ఏడు విడి గొట్టాలు ఉంటాయి, తొలి లా-5 లో పక్కకు ఒకటే పెద్ద గొట్టం ఉండేది. అలాగే ఎఫ్‌ఎన్‌లో గాలి తీసుకునే గొట్టం కప్పు పైభాగాన ముందంచు దాకా సాగుతుంది. ఈ రెండు గుర్తులనూ బట్టే తెలిసినవారు ఫోటోలో రకాన్ని పోల్చుకుంటారు.

ఒంటి రెండు సగాలూ అతికిన చోట, ముఖ్యంగా కాక్‌పిట్ వెనుక వీపు మీద, అతుకు ఆనవాలు కూడా మిగలకూడదు; ఇది కూడా చెక్క యంత్రం కావడం వల్లే. అద్దం మూతకు ఫెవిక్విక్ లాంటి జిగురు వాడవద్దు. దాని ఆవిరి అద్దం లోపల తెల్లటి పొరలా పట్టేస్తుంది, తుడిచినా పోదు. తెల్ల ఫెవికాల్ చాలు.

ఇక రంగులు. సోవియట్ విమానమంటే పచ్చదే అనే నమ్మకం చాలామందిలో ఉంది. 1941 నుంచి అది నిజమే: పైన ఎ.ఎం.టి.-4 పచ్చ (ఎ.ఎం.టి. అన్నది చెక్క, గుడ్డ భాగాలకు వాడిన సోవియట్ రంగుల వరుస పేరు), ఎ.ఎం.టి.-6 నలుపు, కింద ఎ.ఎం.టి.-7 లేత నీలం. కాని 1943 జూలైలో వచ్చిన ఉత్తర్వుతో ఫైటర్ విమానాలకు పైన రెండు బూడిద రంగులు నిర్ణయించారు. ఎ.ఎం.టి.-11 నీలిచాయ ఉన్న బూడిద, ఎ.ఎం.టి.-12 ముదురు బూడిద; కింద పాత లేత నీలమే. నీ లా-5ఎఫ్‌ఎన్, యాక్-3 రెండూ ఈ కాలానివే కనుక రెండింటికీ ఈ బూడిద రంగులే వేయాలి. లోహపు భాగాలకు వాడిన రంగులు వేరే వరుసలోవి, వాటి పేర్లు ఎ.ఎం.టి.తో మొదలవవు, అందువల్ల ఇంజను కప్పు ఛాయ ఒంటి ఛాయకు వెంట్రుకవాసి తేడాగా ఉన్నా తప్పుపట్టేవారు ఉండరు. మ్యూజియంలో ఉన్న యంత్రాలను చూసి రంగు నిర్ణయించుకోకు. దశాబ్దాలుగా వాటికి ఎవరికి దొరికిన రంగు వారు పూస్తూ వచ్చారు. యుద్ధకాలపు నలుపు తెలుపు ఫోటోల్లో రెండు మచ్చల మధ్య వెలుగు తేడా ఎంత ఉందో చూడు. నలుపు, పచ్చల మధ్య ఉన్నంత తేడా ఈ రెండు బూడిదల మధ్య ఉండదు.

వేసే క్రమం ఇది. ముందు లేత నీలం. అది రెండు రోజులు ఆరాక కింది భాగానికి టేపు అంటించి పైనంతా ఎ.ఎం.టి.-11, ఆ పైన మచ్చలుగా ఎ.ఎం.టి.-12. రెండు బూడిదలు కలిసే చోట అంచు మెత్తగా ఉండాలి, అయితే అతి మెత్తన కూడా పనికిరాదు. అసలు విమానం మీద ఆ మసక అంచు ఐదు నుంచి పది సెంటీమీటర్లు ఉందనుకుంటే, నీ స్కేలులో అది ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. కనుక 0.3 మిల్లీమీటర్ల ముక్కున్న ఎయిర్‌బ్రష్‌ను (గాలితో రంగు చిమ్మే కలాన్ని) దగ్గరగా పట్టి, గాలి ఒత్తిడి 12 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఉంచి, రంగు మామూలు కంటే కొంచెం ఎక్కువ పలుచన చేసుకుని, ముందు మచ్చ చుట్టూ గీసి ఆ తరువాత లోపల నింపు. ఎయిర్‌బ్రష్ లేకపోతే బొమ్మల దుకాణాల్లో దొరికే మెత్తటి అంటుముద్దను సన్నటి తాడులా చుట్టి మచ్చ అంచు వెంట పెట్టి స్ప్రే డబ్బాతో కొట్టినా ఇదే ఫలితం వస్తుంది. కిటికీ తెరిచి, ముక్కుకు సరైన మాస్కు పెట్టుకుని మాత్రమే కొట్టు.

మన ఊళ్ల వాతావరణానికి తగిన జాగ్రత్త ఒకటుంది, పెట్టెల్లో వచ్చే కాగితాల మీద అది ఎవరూ రాయరు. మే నెలలో నీళ్ల ఆధారిత రంగు ఎయిర్‌బ్రష్ ముక్కులోంచి బయటికి రాకముందే ఎండిపోతుంది. రంగు ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపాలి. వానాకాలంలో, అందులోనూ మా విశాఖ తీరంలో, మెరుపు లేని మాట్ వార్నిష్ గాలిలోని తేమను పట్టుకుని తెల్లటి బూజులా మారుతుంది. వారాల శ్రమ ఐదు నిమిషాల్లో పోతుంది. ఎయిర్‌బ్రష్‌కు గాలి పంపే కంప్రెసరుకు తేమ పట్టే గిన్నె తప్పనిసరిగా పెట్టు. వాన వెలిసిన రోజున మధ్యాహ్నం పూట మాత్రమే వార్నిష్ కొట్టు. హైదరాబాదులో నీకు ఈ బాధ కొంత తక్కువే, అయినా ఆగస్టును నమ్మకు.

డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి జార్చి అంటించే గుర్తుల పొరలు) అంటించే ముందు నిగనిగలాడే వార్నిష్ ఒక పూత వేయాలి, లేకపోతే వాటి అంచుల కింద గాలి చేరి వెండిలా మెరుస్తుంది. ఈ కాలంలో నక్షత్రాలు రెక్కల పైన ఉండవు. రెక్కల కింద, ఒంటి పక్కల, తోక మీద మాత్రమే ఉంటాయి. 1943 రెండో సగం నుంచి ఎర్ర నక్షత్రానికి తెల్ల అంచు, దాని బయట మళ్లీ సన్నటి ఎర్ర గీత వచ్చాయి. నీ పెట్టెలో సోవియట్ పైలటు కోజెదూబ్ నడిపిన 14 వ నంబరు విమానపు గుర్తులు ఉన్నాయని రాశావు. 62 విజయాలతో మిత్రరాజ్యాల పైలట్లందరిలోనూ మొదటి స్థానంలో నిలిచినవాడతడు. ఆ విమానాన్ని వసీలీ కొనేవ్ అనే కోల్ఖోజ్ (సమష్టి వ్యవసాయ క్షేత్రం) రైతు ఇచ్చిన సొమ్ముతో తయారుచేశారు. ఒక పక్కన ఆ రైతు పేరు, రెండో పక్కన యుద్ధంలో మరణించిన లెఫ్టినెంట్ కర్నల్ కొనేవ్ పేరు తెల్లటి రష్యన్ అక్షరాల్లో పొడవుగా ఉంటాయి. ఏ వాక్యం ఏ పక్కదో రెండుసార్లు సరిచూసుకుని అంటించు. అంత పొడవైన డెకాల్‌ను ఒక్కసారిగా జార్చితే మెలికపడుతుంది. పదానికి పదం విడిగా కోసి, పెన్సిలు గీత ఆధారంగా వరుసలో పెట్టు. మెత్తబరిచే ద్రవం పూయగానే డెకాల్ ముడతలు పడుతుంది. కంగారుపడి చేయి పెట్టకు. ఆరాక అదే సర్దుకుంటుంది. ఇంజను కప్పు పక్కన డైమండ్ ఆకారంలో ఎఫ్‌ఎన్‌కు గుర్తుగా ఉన్న రెండు రష్యన్ అక్షరాలు మరిచిపోవద్దు.

చివరగా పాతబడిన గుర్తులు. రెక్క మొదట్లో వెండి రంగు చుక్కలు పెట్టడం ఈ విమానాల నమూనాల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు. చెక్క కింద వెండి ఉండదు. వెండి రంగు పెన్సిలును ఇంజను కప్పు బిగింపుల దగ్గర, స్లాట్ల అంచున, ప్రొపెల్లరు రెక్కల ముందంచున మాత్రమే వాడు, అదీ పొదుపుగా. పైలటు, మెకానిక్ ఎక్కిదిగే రెక్క మొదట్లో మట్టిరంగు పొడిని పొడి కుంచెతో రుద్దు. ఆ విమానాలు గడ్డినేలల మీంచి, బురదలోంచి ఎగిరినవి కనుక చక్రాల వెనుక రెక్క కింద కూడా ఆ మట్టి చిందులు ఉండాలి. పొగగొట్టాల వెనుక నుంచి గోధుమరంగు కలిసిన బూడిద పొగచార రెక్క మొదలు మీదుగా తోక వైపు సాగాలి. దాన్ని చాలా పలుచన చేసి నాలుగైదు పొరలుగా వేయి. ఒకే పొరలో వేస్తే మసి పూసినట్టుంటుంది.

యాక్-3 సంగతి ఇది ముగిశాక మాట్లాడుకుందాం. దానిలో ఇంజను పక్క రేకులు లోహం, రెక్క తొడుగు ప్లైవుడ్ అని మాత్రం ఇప్పుడే గుర్తుంచుకో. సోవియట్ పక్షాన పోరాడిన నార్మాండీ-నీమెన్ దళపు ఫ్రెంచి పైలట్లు 1945 జూన్‌లో తమ యాక్-3 లతో పారిస్ దగ్గరి లె బూర్జేలో దిగారు; వాటిలో ఒకటి నేటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. ఆ విమానాల ముక్కుకు మూడు రంగుల ఫ్రెంచి వలయాలు కుంచెతో వేయడం నీకు మంచి పరీక్ష అవుతుంది.

గీతలు పూడ్చి ప్రైమరు కొట్టగానే రెక్కకు ఏటవాలు వెలుతురులో రెండు ఫోటోలు తీసి పంపించు. నేను చూసి చెప్పేదాకా నీలం రంగు సీసా మూత తీయకు.

ఇట్లు,
మీ మామయ్య